ఇస్త్రీ పుస్తకం చెప్పిన బట్టల లెక్క

పోయిన నవంబరులో నా చీర ఒకటి పై ఫ్లోర్ వాళ్ళింటికి చేరింది. మస్టర్డ్ రంగు కాటన్ చీర, సన్నటి మెరూన్ అంచు. కొని మూడేళ్ళయింది. ఆ వారమే మొదటిసారి కట్టి, ఉతికి, ఇస్త్రీకి ఇచ్చాను. సాయంత్రం మూట విప్పితే చీర లేదు. మా అపార్ట్‌మెంటు గేటు పక్కన బండి పెట్టుకునే ఇస్త్రీ ఆమెను అడిగితే తడుముకోకుండా చెప్పింది. "అయ్యో అక్కా, అది మీదా? మీరు ఇసొంటివి కట్టరు గద. పైనోళ్ళదనుకొని ఆడ ఇచ్చిన."

చీర గంటలో వెనక్కి వచ్చింది. ఆ మాట మాత్రం రెండు రోజులు నన్ను వదల్లేదు. నేను ఎలాంటివి కడతానో, ఎలాంటివి కట్టనో ఆమెకు స్పష్టంగా తెలుసు. నాకు తెలియదు. నా బీరువా తెరిచి చూస్తే మాత్రం నేను అన్ని రంగులూ కట్టే మనిషినే అనిపిస్తుంది.

నేను పదిహేడేళ్ళుగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. రాయడం జబ్బు. ఎప్పుడో ఒక చున్నీ విషయంలో "ఇచ్చాను", "ఇవ్వలేదు" అని వాదన అయినప్పటి నుంచి ఇస్త్రీకి వేసే ప్రతి గుడ్డా ఒక చిన్న నోటు పుస్తకంలో రాస్తాను. తేదీ, ఎన్ని, ఏ రంగు. ఆ చీర గొడవయ్యాక ఆదివారం కూర్చుని ఆ పుస్తకం జనవరి నుంచి తిరగేశాను. పదకొండు నెలల్లో నావి తొమ్మిది చీరలు, ఏడు కుర్తీలు. అవే మళ్ళీ మళ్ళీ. ఆ నీలం మంగళగిరి చీర ఒక్కటే ఇరవై ఆరు సార్లు కనిపించింది. బీరువాలో ఉన్న చీరలు అరవై నాలుగు.

కొత్త ఏడాదికి బట్టల విషయంలో ఏదైనా అనుకోవాలంటే ఇక్కడ్నుంచి మొదలుపెట్టాలని నాకు అప్పుడు అర్థమైంది. అంతకుముందు నేను షాపు దగ్గర్నుంచి మొదలుపెట్టేదాన్ని.

ఈ ఏడాది ఏం తిరిగిందో ముందు చూడండి

మీ దగ్గర ఇస్త్రీ పుస్తకం ఉండకపోవచ్చు. రేపటి నుంచి నాలుగు వారాలు రాయండి, చాలు. రాయడం బద్ధకమైతే దండెం మీద ఆరేసినప్పుడల్లా ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. నెలకి పది పన్నెండు ఫొటోలు వస్తాయి, వాటిలో ఏది ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టండి. పట్టుచీరలు ఇస్త్రీ మూటలోకి రావు కాబట్టి వాటిని పెళ్ళిళ్ళ ఫొటోల్లో వెతుక్కోవాలి. నా పద్నాలుగు పట్టుచీరల్లో ఏడాదంతా బయటికి వచ్చినవి మూడు.

అంటే అరవై నాలుగులో తిరిగినవి పన్నెండు. యాభై రెండు నిద్రపోతున్నాయి.

అన్నీ తీసి మంచం మీద కుప్ప పోసే పని తర్వాత చేయండి, ముందే చేయకండి. ముందే కుప్ప పోస్తే ప్రతి చీరా "నన్ను గుర్తుపట్టావా" అని పలకరిస్తుంది, పలకరించినదాన్నల్లా ఉంచేస్తాం. లెక్క చేతిలో పెట్టుకుని కుప్ప పోస్తే మొహమాటం ఉండదు. ఇది మనకు కష్టమే. బట్టలంటే మనకు మొహమాటం ఎక్కువ.

డబ్బు సంగతి కూడా అదే రోజు చూడండి. ఫోన్‌లో చెల్లింపుల చరిత్ర తెరిచి షాపుల పేర్లు, టైలరు, చెప్పులు, ఆన్‌లైన్ ఆర్డర్లు వెతికి కూడండి. నాది ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు తేలింది. అందులో సగం నాలుగంటే నాలుగు రోజుల్లో పోయింది. రెండు రోజులు ఆషాఢం సేల్, ఒకటి దసరా ముందు ఆదివారం, ఇంకొకటి ఆఫీసులో ఎవరిమీదో కోపం వచ్చిన రోజు రాత్రి పదకొండింటికి. నాలుగోది ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

కట్టని చీరకు కారణం రాయండి

ఇక్కడే ఎక్కువసేపు కూర్చోండి. నాకు ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

ప్రతి కట్టని చీర మీద ఒక చిన్న చీటీ పెట్టి "ఎందుకు కట్టలేదు" అని ఒక్క ముక్కలో రాశాను. "బాగుంది", "చూద్దాం", "పండక్కి" లాంటివి కారణాలు కావు, రాయకూడదు అని నియమం పెట్టుకున్నాను. యాభై రెండు చీటీలూ విడదీస్తే ఇలా తేలింది. ఇరవై ఏడు చీరలకు జాకెట్టు బిగుతు. ఎనిమిదింటికి అసలు జాకెట్టే కుట్టించలేదు. ఆరింటికి ఫాల్, పీకో చేయించలేదు. నాకు నిజంగా నచ్చనివి పదకొండే.

నలభై ఒక్క చీరల విషయంలో తప్పు చీరది కాదన్నమాట. నేను మూడేళ్ళుగా "నాకు కట్టుకోవడానికి ఏమీ లేవు" అని కొత్త చీరలు కొంటున్నాను. నాకు లేనివి జాకెట్లు!

మన ఆడవాళ్ళలో సగం మందిది ఇదే కథ అని నా అనుమానం. చీరకు సైజు లేదు, ఇరవై ఏళ్ళ వయసులో కొన్నదీ యాభైలో కట్టొచ్చు. జాకెట్టు అలా కాదు, మూడేళ్ళకోసారి మనతో పేచీ పెట్టుకుంటుంది. కాబట్టి మీ మొదటి లక్ష్యం టైలరు దగ్గర ఉంటుందేమో చూసుకోండి.

టైలరు దగ్గరికి వెళ్ళేముందు కొన్ని విషయాలు. బిగుతైన జాకెట్టును తిరగేసి పక్క కుట్ల దగ్గర లోపల ఎంత బట్ట వదిలారో చూడండి. అంగుళం ఉంటే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. మా వీధి టైలరు ఒక్కోదానికి ఎనభై రూపాయలు తీసుకుంటాడు, కొత్తది కుట్టించడంతో పోలిస్తే అది ఖర్చే కాదు. లోపల ఏమీ వదలకపోతే చంక కింద నుంచి నడుము దాకా అదే రంగు గుడ్డ ఒక పట్టీలా వేయించొచ్చు. చెయ్యి కిందకి ఉన్నంతసేపూ అది కనపడదు. విప్పినచోట పాత కుట్ల గీత కనిపిస్తుందని భయపడకండి, కాటన్ మీద రెండు ఉతుకులకు చాలావరకు పోతుంది. పట్టు మీద గీత మిగులుతుంది. పట్టు జాకెట్లు విప్పించేముందు ఆలోచించండి.

ఆది జాకెట్టుగా ఏది ఇస్తున్నారో చూసుకోండి. నేను ఆరేళ్ళుగా ఒకే ఎర్ర జాకెట్టు ఆదికి ఇస్తున్నాను, ఆ జాకెట్టు నాకు పట్టక నాలుగేళ్ళయింది! కుట్టినవాడి తప్పేముంది? ఈ వారం వేసుకున్నప్పుడు చెయ్యి పైకెత్తి మెట్రోలో పైన కడ్డీ పట్టుకోగలిగిన జాకెట్టు ఏదో, అదే మీ ఆది. ఇక కొత్తగా కుట్టించేటప్పుడు లోపల రెండు పక్కలా అంగుళంన్నర వదలమని నోటితో చెప్పండి. లైనింగు గుడ్డ, ఫాల్ గుడ్డ ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి. లేదంటే మొదటి ఉతుకులోనే అవి కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది.

మ్యాచింగ్ సెంటర్ల సంగతి ఒకటి చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో కానీ, కోఠి సుల్తాన్‌బజార్‌లో కానీ, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కానీ గోడంతా రంగుల తానులు పేర్చిన ఆ షాపుల్లోకి వెళ్తే మన చీర రంగుకు సరిగ్గా సరిపోయే గుడ్డ దొరికేదాకా బయటికి రాం. అంత కచ్చితంగా కలిసిన జాకెట్టు ఆ ఒక్క చీరకే పనికొస్తుంది. దాని బదులు నాలుగు జాకెట్లు మంచివి కుట్టించుకోండి. నలుపు, మెరూన్, ముదురు ఆకుపచ్చ, ఒక కలంకారీ. నా నలభై ఒక్క చీరలనూ వీటి పక్కన పెట్టి చూశాను, ఇరవై మూడింటికి ఈ నాలుగిట్లో ఏదో ఒకటి కుదిరింది. చీరతో వచ్చిన జాకెట్టు ముక్కను కోయకుండా అలాగే ఉంచేయొచ్చు. మా అత్తయ్య "చీరలోదే కుట్టించుకోవాలి, లేకపోతే వెలితిగా ఉంటుంది" అంటుంది. ఆవిడ చీరలకు ఆ మాట నిజమే, కంచిపట్లు అవి. ఆఫీసు చీరకు అంత పట్టింపు అక్కర్లేదు.

"సన్నబడ్డాక కడతాను" అని పెట్టినవి కూడా నాకు ఐదారు ఉన్నాయి. వాటి విషయంలో నా నిర్ణయం చెబుతాను, మీ ఇష్టం. డ్రెస్సులైతే ఒక్కటి ఉంచి మిగతావి ఇచ్చేశాను. సన్నబడితే అప్పుడు కొనుక్కుంటాను, ఆ సంతోషంలో ఖర్చు కూడా బాధనిపించదు.

ఫోన్లో ఫొటోలు చూసి మీ పద్ధతి పట్టుకోండి

స్టైల్ అనేది ఒకటి ఉంటుందని, అది సినిమావాళ్ళకే అని అనుకునేదాన్ని. ఈ ఏడాది ఫొటోలన్నీ తీసి, నేను కనిపించినవి నలభై పక్కన పెట్టాను. వాటిలో నన్ను నేను చూసుకుని "పర్లేదు, బాగున్నాను" అనుకున్నవి పదకొండు. ఆ పదకొండిట్లో ఏం కలిసిందో చూశాను. తొమ్మిదింటిలో మోచేతుల దాకా చేతులు. ఎనిమిదింటిలో సన్న అంచు. నేను పొట్టి, పెద్ద అంచు కడితే సగం మనిషిని అంచే మింగేస్తుంది, ఈ సంగతి నలభై అయిదేళ్ళొచ్చాక తెలిసింది. ఒక్కదాంట్లో కూడా లేత గులాబీ, లేత నీలం లేవు. అన్నీ ముదురు రంగులే. పసుపు, ఎరుపు, నెమలికంఠం.

చిన్నప్పటి నుంచి ఇంట్లో "నీ ఛాయకు ముదురు రంగులు నప్పవు, లేతవి కట్టు" అనేవాళ్ళు. లేత రంగులు కొంటూ వచ్చాను. నిద్రపోతున్న చీరల్లో చాలావరకు అవే. ఆ మాట అన్న పిన్నులందరి మీదా నాకు గౌరవమే, కానీ ఈ విషయంలో వాళ్ళు తప్పు. ఛాయ గురించి ఎవరు ఏ సలహా ఇచ్చినా ఫొటో చూసి తేల్చుకోండి.

షాపులో తెల్ల లైట్ల కింద రంగు నమ్మకండి. చీర భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి పగటి వెలుగులో చూడండి. షాపతను కంగారు పడతాడు, పడనివ్వండి.

ఈ పదకొండు ఫొటోల నుంచి ఒక్క వాక్యం రాసుకోండి. నాది "ముదురు రంగు, సన్న అంచు, మోచేతుల దాకా చెయ్యి, నలగని కాటన్". షాపులో చేతికి వచ్చిన దాంట్లో ఈ నాలుగిట్లో మూడైనా లేకపోతే కొనను. ఆ మస్టర్డ్ చీరలో నాలుగూ ఉన్నాయి. మూడేళ్ళు ఎందుకు కట్టలేదంటే, జాకెట్టు కుట్టించలేదు.

మన ఊరి ఏడాదికి సరిపోయేలా

లక్ష్యాలు రాసేముందు మీ రోజు, మీ ఏడాది ఎలా ఉంటాయో కాగితం మీద పెట్టండి. నేను చైతన్యపురిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కి రాయదుర్గం వెళ్తాను. రానూపోనూ రెండున్నర గంటలు. ఇంటి నుంచి స్టేషన్ దాకా ఎండ, మెట్రోలో చలి, అమీర్‌పేట మెట్ల మీద తోపులాట, ఆఫీసులో మళ్ళీ ఏసీ. గంజి పెట్టిన చీర కట్టుకుని బయల్దేరితే అమీర్‌పేటలోనే దాని సంగతి అయిపోతుంది. అందుకే గంజి చీరలు శనివారం బయట పనులకు, గుడికి మాత్రమే. ఆఫీసుకు మంగళగిరి కాటన్, మెత్తటి మల్‌మల్. బ్యాగులో ఏడాది పొడుగునా ఒక పెద్ద చున్నీ, ఏసీ కోసం. మీది స్కూటరు ప్రయాణమైతే మీ లెక్క వేరు. కుచ్చిళ్ళు చక్రంలో పడని డ్రెస్సే మీకు ముఖ్యం.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైగా అవే పెళ్ళిళ్ళ రోజులు. మధ్యాహ్నం ముహూర్తానికి నిండు పట్టు కట్టి ఫంక్షన్ హాల్లో కూర్చోవడం ఒక శిక్ష. దానికి మన తెలంగాణలోనే మందు ఉంది. గద్వాల చీరకు ఒళ్ళు కాటన్, అంచూ కొంగూ పట్టు. చూసేవాళ్ళకు పట్టుచీరే, కట్టినవాళ్ళకు గాలి ఆడుతుంది. వేసవి పెళ్ళిళ్ళకు ఒక్క గద్వాల ఉంటే చాలు. ఉతకకండి, డ్రై వాష్‌కి ఇవ్వండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. ఈ నాలుగు నెలలకు ఒక విడి చిన్న అర కేటాయించుకోండి. ముదురు రంగు ప్యాంట్లు, చీలమండకు పైకుండే కుర్తీ సెట్లు, త్వరగా ఆరేవి. తెల్ల లెగ్గింగ్స్ ఆగస్టులో వేసుకోవడం బురదకు ఆహ్వానమే. తోలు చెప్పులు కూడా అప్పుడు వద్దు. వానాకాలానికి రబ్బరు అడుగుతో నీళ్ళకు పాడవని చెప్పులు ఒక జత, మే నెలలోనే కొనిపెట్టుకోండి. మొదటి వానకు పరుగెత్తి కొంటే ఏది దొరికితే అది కొంటాం, అది కరుస్తుంది.

ఆ తర్వాత పండగలు. బోనాలు, శ్రావణ శుక్రవారాలు, తొమ్మిది రోజుల బతుకమ్మ, దసరా, దీపావళి. ఆఫీసులో బతుకమ్మ ఆడే రోజు ఒకటి, అపార్ట్‌మెంటులో ఇంకొకటి, పుట్టింటి దగ్గర సద్దుల రోజు మరొకటి. వీటికోసం ప్రతి ఏడాదీ కొత్తది కొనేదాన్ని. ఈ మూడు చోట్లా చూసేవాళ్ళు వేరు వేరు మనుషులని కాస్త ఆలస్యంగా తట్టింది. ఒకే చీర మూడు చోట్లా కట్టొచ్చు. ఫొటోలు మూడూ ఒకే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకపోతే సరి.

జనవరిలో చలి మహా అయితే నెల రోజులు. రెండు స్వెట్టర్లకు మించి మనకు అక్కర్లేదు. అయినా నుమాయిష్‌కు, అదే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్‌కు, వెళ్ళిన ప్రతిసారీ ఒక శాలువా కొంటాం.

నుమాయిష్ గురించి తర్వాత చెబుతాను.

పెట్టుబడి చీరలు

అరవై నాలుగులో నేను కొన్నవి ముప్పై తొమ్మిది. మిగతా ఇరవై అయిదు పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు, నోములకు పెట్టినవి. ఎవరి ఇష్టమో, ఎవరి బడ్జెట్టో అవి. నచ్చకపోయినా పారేయలేం, కట్టలేం. ఈ చీరల గురించి ఏ ఫ్యాషన్ సలహాలోనూ ఒక్క మాట ఉండదు, మన బీరువాల్లో మాత్రం మూడో వంతు ఇవే.

నా పద్ధతి ఇది. చీర పెట్టిన వారంలోపే తేల్చేయాలి. ఉంచుకుంటే వెంటనే ఫాల్ కుట్టించాలి. ఉంచుకోకపోతే మడత విప్పకుండా, జాకెట్టు ముక్క కోయకుండా పెట్టుబడి అరలో వేసి, ఎవరు పెట్టారో చీటీ గుండుసూదితో గుచ్చాలి. చీటీ ఎందుకంటే, రెండేళ్ళ కిందట మా వదిన సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి, బొట్టు పెట్టి ఒక చిలకపచ్చ చీర చేతిలో పెట్టాను. ఆవిడ చూసి నవ్వి "ఇది నేను నీకు పెట్టిందే కదమ్మా" అంది. అందరి ముందూ. ఆ తర్వాత నుంచి చీటీ లేని చీర ఆ అరలోకి వెళ్ళదు.

దగ్గరివాళ్ళకైతే నోరు విప్పి చెప్పేశాను, నాకు చీర వద్దు, పెట్టాలనుకుంటే మంచి జాకెట్టు ముక్క పెట్టండి అని. ఇద్దరు విన్నారు. ఇద్దరంటే తక్కువేం కాదు.

నచ్చని పదకొండిట్లో మూడు మా ఇంట్లో పనిచేసే ఆమె తనకు నచ్చినవి ఏరుకుంది. ఏరుకోనివ్వండి, మనం ఏరి ఇవ్వొద్దు. మిగతావి స్టీలు సామాన్ల ఆమెకు వేసి ఒక గిన్నె తీసుకున్నాను. "పాత పట్టుచీరలు కొంటాం" అని మైకులో అరుచుకుంటూ బండి మీద తిరిగేవాళ్ళకు మాత్రం తొందరపడి ఇవ్వకండి. వాళ్ళు వచ్చేది జరీలో వెండి కోసం. పాత పట్టు అంచుల్లో వెండి ఎంతుందో మనకు తెలియదు, వాళ్ళకు తెలుసు, బేరం అక్కడే ఓడిపోతాం. అంచు బాగుంటే పిల్లలకు లంగా కుట్టించండి.

మా అమ్మవి నాలుగు నారాయణపేట చీరలు నా దగ్గర ఉన్నాయి. వాటికి చీటీ పెట్టలేదు. లెక్కలోకి కూడా రావు.

లక్ష్యం రాసే తీరు

రెండేళ్ళ కిందట "ఈ ఏడాది ఒక్క బట్టా కొనను" అని డైరీలో రాసుకున్నాను. 1938 నుంచి నడుస్తున్న నుమాయిష్ నాంపల్లిలో మామూలుగా జనవరి 1న తెరిచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. నా ప్రతిజ్ఞ జనవరి 19 దాకా ఉంది. ఆ సాయంత్రం లక్నో చికన్ కుర్తీలు మూడు కొన్నాను. ఎలాగూ తప్పింది కదా అని ఫిబ్రవరిలో ఇంకో రెండు. నిషేధం పెట్టుకుంటే మొదటిసారి తప్పగానే గేట్లు ఎత్తేస్తాం. అందుకే ఇప్పుడు నా లక్ష్యాల్లో "కొనను" అనే మాట లేదు. ప్రతిదానికీ ఒక అంకె, ఒక తేదీ ఉన్నాయి.

వచ్చే ఏడాదికి నేను రాసుకున్నవి చెబుతాను. ఉగాదిలోపు పన్నెండు జాకెట్లు విప్పించి కుట్టించడం, వారానికి రెండు చొప్పున, ఒక్కసారి అన్నీ ఇస్తే టైలరు దసరా దాకా ఇవ్వడు. నిద్రపోతున్న చీరల్లో నెలకు ఒకటి, నెల మొదటి శుక్రవారం కట్టడం. కట్టాక మళ్ళీ కట్టబుద్ధి కాకపోతే అది పెట్టుబడి అరకో, స్టీలు గిన్నెకో వెళ్తుంది. ఆ నాలుగు జాకెట్లు. ఒక్క చేనేత చీర, నేనే ఎంచుకుని. వానకు చెప్పులు. ఇవి అయిదే. ఆరోది రాస్తే మొదటిది మర్చిపోతానని నాకు తెలుసు.

బడ్జెట్టు ఇరవై నాలుగు వేలు. రిపేర్లకు నాలుగు, రోజువారీ బట్టలకు ఎనిమిది, చేనేతకు ఆరు, చెప్పులకు మూడు, పెట్టుబడులకు మూడు. పెట్టుబడికి మూడు వేలంటే మా అత్తయ్య నవ్వింది, చూద్దాం.

ఏదైనా కొనేటప్పుడు ధరను ఎన్నిసార్లు వేసుకుంటామో దాంతో భాగించి చూడండి. పన్నెండు వందల కుర్తీ అరవైసార్లు వేసుకుంటే ఒక్కోసారికి ఇరవై రూపాయలు. పద్నాలుగు వేల పట్టుచీర నాలుగుసార్లు కడితే మూడున్నర వేలు. ఈ లెక్క రోజువారీ బట్టలకే వాడండి. మా అమ్మాయి ఓణీ ఫంక్షన్‌కి కట్టిన పట్టుచీరను భాగించబోతే మా ఆయన కూడా ఊరుకోలేదు.

మా ఆయన గురించి చెప్పుకోవాలి. ఆయనవి తొమ్మిది చొక్కాలు, అందులో ఆరు లేత నీలం. తొమ్మిదీ ఇస్త్రీ పుస్తకంలో ఉన్నాయి. చిరిగితే అదే రంగు ఇంకోటి. ఆయనకు ఏ లక్ష్యమూ లేదు, ఏ సమస్యా లేదు. నాకు కొంచెం ఒళ్ళు మండింది.

ఆ ఒక్క చేనేత చీర

ఏడాదికి ఒకటే కొంటాను కాబట్టి షాపుకు కాకుండా ఊరికే వెళ్దామనుకుంటున్నాను. భూదాన్ పోచంపల్లి మాకు ఎల్బీ నగర్ మీదుగా గంటన్నర లోపే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయినా ఆ డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద ముద్రించి అమ్మేవాళ్ళు నగరంలో ఎక్కడ చూసినా ఉన్నారు. తేడా కనిపెట్టడం కష్టం కాదు. ఇక్కత్‌లో నేయకముందే నూలును చిన్న చిన్న కట్లు కట్టి రంగులో ముంచుతారు, అందుకని రంగు దారం లోపలికంటా ఉంటుంది. చీర తిరగేస్తే వెనక కూడా పువ్వు ముందున్నంత ముదురుగా ఉండాలి. పువ్వు అంచులు కొంచెం చెదిరినట్టు, నీళ్ళలో నీడలా ఉంటాయి. గీత గీసినట్టు నున్నగా ఉండి, వెనక వెలిసిపోయినట్టుంటే అది ముద్రణ. ముద్రణ కొనడం తప్పేం కాదు, ముద్రణ ధరకు కొనండి.

ఊరికి వెళ్ళలేకపోతే తెలంగాణ చేనేత సహకార సంఘం టెస్కో షోరూములు ఉన్నాయి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, ఆ రోజుల్లో నగరంలో పెట్టే చేనేత ప్రదర్శనల్లో నేసినవాళ్ళే కూర్చుంటారు, ఎన్ని రోజులు పట్టిందని అడిగితే చెబుతారు. నా వాక్యం చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. ముదురు రంగు, సన్న అంచు. ఇక్కత్‌లో సన్న అంచు వెతకడానికి ఓపిక కావాలి.

కాగితం ఎక్కడ పెట్టాలి

డైరీలో రాస్తే డైరీ తెరవం. నా అయిదు లక్ష్యాలూ, పన్నెండు చీరల పేర్లూ ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలివైపు అద్దం పక్కన అంటించాను. కట్టిన నెల ఎదురుగా టిక్కు. పక్కనే ఒక పెన్ను దారంతో వేలాడుతోంది, పెన్ను వెతుక్కోవాల్సి వస్తే టిక్కు పెట్టనని నా గురించి నాకు తెలుసు.

మధ్యలో ఒక తనిఖీ రోజు పెట్టుకోండి. డిసెంబరు దాకా ఆగితే లెక్క తప్పిందని తెలిసేసరికి ఏడాది అయిపోతుంది. నాది జూన్ మొదటి ఆదివారం, ఆషాఢం సేల్ బోర్డులు లేవకముందే. ఆ రోజుకు అయిదు టిక్కులు లేకపోతే ఆ ఏడాది సేల్‌కి అడుగు పెట్టను. ఇది నా అంతట నేను రాసుకుంటే నిలవదని కాగితం కింద మా ఆయన చేత సాక్షి సంతకం పెట్టించాను. ఆయన లేత నీలం చొక్కా జేబులోంచి పెన్ను తీసి, చదవకుండానే పెట్టాడు.